తెల్లగీత మీద కోసిన మనిషి

నేను అద్దెకుంటున్న మేడ కింది భాగంలో ఒక కుట్టుకార్ఖానా ఉంది. ఆసుపత్రులకూ హోటళ్లకూ బస్సు కంపెనీలకూ అక్కడ యూనిఫారాలు తయారవుతాయి. ఆ కార్ఖానాలో గుడ్డ కోసే మనిషి ఇంట్లో, భోజనాల బల్లకు ఎదురుగా, అద్దం బిగించిన చట్రంలో ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. దాని మీద అతని పేరుకంటే పెద్ద అక్షరాలలో ఒక ఇంగ్లీషు విశేషణం కనిపిస్తుంది. డిసిసివ్. ఆ మాట అతనికి ఇచ్చినవాణ్ని నేనే. ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు వ్యాకరణం బోధించి నేను చేసిన తప్పులలో అంత పెద్ద అక్షరాలతో గోడకెక్కినది ఇంకొకటి లేదు.

కార్ఖానాలో అతన్ని ముఖాన ‘మాస్టర్’ అనీ చాటున ‘తేల్చుడు’ అనీ అంటారు. కోతపనివాణ్ని మాస్టర్ అనడం ఆ వృత్తిలోని మర్యాద. నేను ఒక జీవితకాలం వెచ్చించి సంపాదించుకున్న పిలుపును కత్తెర పట్టినవాడు వారంలో సంపాదించుకోవచ్చునని తెలిసినప్పుడు కొంత చిన్నబోయిన మాట నిజమే. అందుచేత ఇక్కడ అతన్ని తేల్చుడు అనే వ్యవహరిస్తాను. ఆ పేరు అతనికి ఎక్కువ నప్పుతుంది కూడా.

అతని జీవితాన్ని తెలుసుకోవడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు. అది ఎప్పుడూ ఒకే విధంగా నడిచింది. ఇరవయ్యో ఏట చెప్పుల దుకాణంలో చేతికి అందిన మొదటి జత బూట్లు కొన్నాడు. అవి బిగుతు. రెండేళ్లు కుంటుతూ వాటితోనే తిరిగాడు. ‘కొన్నాక కొన్నామంతే’ అనేవాడు. ఎక్కవలసిన బస్సు కాక వేరొక బస్సు ఎక్కితే మధ్యలో దిగేవాడు కాదు, చివరి స్టాపు దాకా వెళ్లి అక్కడేదో పని ఉన్నట్టు కాసేపు తిరిగి వచ్చేవాడు. అద్దె ఇంటిని వీధిలో నుంచుని ఖాయం చేశాడు. లోపల పడకగది కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ. పన్ను నొప్పి పుట్టినప్పుడు ఏ పన్నో తానే వేలు పెట్టి చూపించాడు. ఎక్స్‌రే తీద్దామన్న డాక్టరుతో, ‘నా నోరు నాకు తెలీదా?’ అన్నాడు. డాక్టరు పీకాడు. నొప్పి పక్క పంటిది. అది తెలిశాక అతడు చెప్పినది విని తీరవలసిన మాట: “పోతే పోయింది. ఎప్పటికైనా ఊడేదేగా.”

అతని పెళ్లిచూపుల గురించి, కార్ఖానాకు అన్నం క్యారేజీ తెచ్చే అతని భార్య ఒకసారి మెట్ల మీద నాతో అంది. “ఆయన నన్ను చూడనే లేదండీ పంతులుగారూ. లోపలికి వచ్చారు, టీ తాగారు, కప్పు కింద పెడుతూ సరే అన్నారు. ఆ సరే నాకో, టీకో నాకిప్పటికీ తెలీదు.”

అందరూ నవ్వుతూ చెప్పుకునే ఈ సంగతులలో ఒకటి గమనించమని కోరుతున్నాను. బూటు కరిచినది అతని కాలినే, పన్ను పోయినది అతని నోటినుంచే. మూర్ఖత్వం తన చర్మానికే పరిమితమైనంతకాలం అది వినోదం. అతని చేతిలో కరెంటు కత్తి పెట్టి, ఎదురుగా నలభై పొరల గుడ్డ పరిచాకనే అది ఇతరుల సంగతి అయింది.

ఆ సర్టిఫికెట్ కథ ఇది. ఒక సాయంత్రం కార్ఖానా యజమాని మెట్లెక్కి వచ్చాడు. ఆయన ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాసిపెడతాను. మంచివాడే కాని, తన గది గుమ్మానికున్న పరదాలాగా గాలి ఎటు వీస్తే అటు ఊగే మనిషి.

“పంతులుగారూ, మన మాస్టర్‌కి ఓ సర్టిఫికెట్ ఇద్దామనుకుంటున్నా. ఇంగ్లీషులో అయితే గోడకి నిండుగా ఉంటుంది. ఏం రాద్దాం?”

“అతనిలో మీకు నచ్చిన గుణమేమిటి?”

“నాన్చడండీ. ఇంకొకడైతే గుడ్డ ముందు నిలబడి తల గోక్కుంటాడు. ఇతను గోక్కోడు. దించేస్తాడు కత్తి.”

తగిన మాట చటుక్కున దొరికితే దాన్ని నోటిలో అదిమి పెట్టుకోలేకపోవడం ఉపాధ్యాయుల రోగం. ఆ రోగం వల్లనే ఆ విశేషణం బయటపడింది. వెంటనే నాలుక కరుచుకుని, ఆ మాట వేగానికి చెందదనీ, తూచవలసినంతసేపు తూచి, తేల్చాక ఊగిసలాడని మనిషికే అది చెల్లుతుందనీ వివరించబోయాను. యజమాని అప్పటికే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అంత వివరం ఫ్రేములో పట్టదు కదండీ,” అన్నాడు.

మరునాడు తేల్చుడు స్వయంగా వచ్చాడు, అర్థం చెప్పమని. నాకు సంతోషమే కలిగింది. అర్థం అడిగి వచ్చినవాణ్ని చూసి ఎన్నేళ్లయిందో! కుర్చీ వేసి, పాత అలవాటు కొద్దీ ఉదాహరణలతో మొదలుపెట్టాను. ఆటలో చివరి నిమిషాన పడిన గోల్ డిసిసివ్, ఎందుకంటే దానితో గెలుపోటముల వాదన ముగిసింది. ఒక కేసులో దొరికిన సాక్ష్యం డిసిసివ్, ఎందుకంటే అది చూశాక తీర్పు రెండో వైపు మొగ్గే వీలు లేదు. మనిషి పక్కన ఆ మాట పెడితే అది ఇంకా బరువైనది. తొందరపాటుకు ఇంగ్లీషులో వేరే విశేషణాలు కావలసినన్ని ఉన్నాయి, హేస్టీ ఉంది, రాష్ ఉంది. వాటిని ఎవరూ ఫ్రేము కట్టించుకోరు. ఈ మాట మాత్రం–

“అర్థమైంది పంతులుగారూ. ఆలస్యం చేయనివాడు.”

“కాదు, బాబూ. అది పూర్తిగా–”

“అదే. తెలిసిపోయింది.”

అతడు లేచాడు. ఒక మాటకు అర్థాన్ని, ఆ అర్థం చెప్పే వాక్యం పూర్తికాకముందే నిర్ణయించిన మనిషిని నా ఉద్యోగజీవితంలో చూడలేదు. అల్లరి పిల్లలు సైతం క్రియ వచ్చేదాకా ఆగేవారు. పైగా గుమ్మం దాటుతున్నవాణ్ని ఆపాలన్న ఆత్రంలో, ఆ పదానికి లాటిను మూలంలో ‘కోసి వేరుచేయడం’ అనే అర్థముందని కూడా చెప్పి పెట్టాను. ఇక చూడాలి! తన వృత్తికీ ఆ విశేషణానికీ రోముకాలం నాటి చుట్టరికం ఉందని కార్ఖానా అంతా చాటుకున్నాడు. అప్పటినుంచి కోతచీటీల మీద కొత్త అలవాటు ఒకటి మొదలుపెట్టాడు. కత్తి దించిన సమయం, ఎత్తిన సమయం గంటలు నిమిషాలతో సహా రాయసాగాడు, తన వేగం లోకానికి తెలియాలని. ఆ అలవాటును పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అతని వదినను పరిచయం చేయాలి. ఆమె అతని అన్న భార్య. అన్నగారు దూరప్రాంతాల బస్సు డ్రైవరు, రెండు రోజులకొకసారి ఇల్లు చేరే మనిషి. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో, ఆ గోడకు తెరుచుకునే కిటికీ ఉన్న ఇంట్లోనే ఉంటాయి. కార్ఖానాలో ఆమె గీతలు గీస్తుంది. పరిచిన గుడ్డ పైపొర మీద అట్ట నమూనాలు అమర్చి, సుద్దముక్కతో వాటి చుట్టూ గీత గీయడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా ఆ బల్లకు కిటికీవైపు చివర ఆమె చోటు. అక్కడ ఒక ఎత్తు పీట, గోడకు మేకులు, మేకులకు తగిలించిన కాగితాలు.

నేనూ సుద్దతో బతికినవాణ్నే. అయితే నేను గీసినది ఏ రోజుకారోజు తుడిచేసేవారు. తప్పు గీసినా మరునాటికి నల్లబల్ల నిర్మలంగా ఉండేది. ఆమె గీత మీద కత్తి నడుస్తుంది. మధ్యాహ్నపు వేళల్లో కిందికి దిగి, ఆ బల్ల పక్కన నిలబడి ఆమె చేయి కదలడం చూస్తూ ఉండేవాణ్ని. సుద్ద వాసన ఎక్కడైనా ఒకటేనని తోచేది. సరే, అది నా గొడవ.

ఆమె పనిలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త మిల్లు నుంచి గుడ్డ తాను వస్తే, దాన్నుంచి మీటరు చదరం కోసి, గోడమీది కాగితంపై దాని అంచుల వెంట పెన్సిలుతో గీసి ఉంచుతుంది. తరువాత ఆ ముక్కను వేడినీళ్ల తొట్టిలో నానవేసి, మేడమీద నీడలో ఆరవేసి, ఇస్త్రీ చేసి, తిరిగి అదే కాగితం మీద గుచ్చుతుంది. ముక్కకూ పెన్సిలు గీతకూ మధ్య ఎంత ఖాళీ కనిపిస్తే గుడ్డ అంత కుదించుకుపోతుందన్నమాట. దాన్ని అక్కడ తడిముక్క అంటారు. నానవేసిన వేళ, తీసిన వేళ ఆ కాగితం మీదే రాస్తుంది. ఇదంతా జరుగుతుండగా పరిచిన గుడ్డమీద అసలు కొలతకు తెల్లసుద్దతో గీతలు గీసి, చుట్టూ జాగా వదులుతుంది. తడిముక్క ఆరి, లెక్క తేలాక, తెల్లగీతకు వెలుపల నీలిసుద్దతో రెండో గీత గీస్తుంది. తెల్లగీత కొలత, నీలిగీత కోత. అక్కడ ఊడ్చే మనిషికి కూడా తెలిసిన సంగతి ఇది.

అసలు కథ ఒక పెద్ద ఆసుపత్రి తెల్లకోట్ల ఆర్డరుతో మొదలైంది. కోట్లు మూడు సైజులు. మిల్లు కొత్తది. ఆ ఉదయం నేను ఒక ఉత్తరం ఇవ్వడానికి కిందికి వెళ్లేసరికి గుడ్డ పరిచి ఉంది, తెల్లగీతలు గీసి ఉన్నాయి, తేల్చుడు కత్తి వైరును భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

“వదినా, కానివ్వు. నీలిగీత కొట్టెయ్యి.”

“ముక్క ఆరలేదు అబ్బాయ్.”

“ఆరేదాకా ఆగడానికి ఇదేమన్నా తలస్నానం చేసిన జుట్టా? రెండు వేళ్లు వేసి గీసెయ్యి.”

“రెండని ఎవరు చెప్పారు నీకు? నిన్న వచ్చిన గుడ్డ. దాని గుణం నాకు తెలీదు, నీకూ తెలీదు.”

“నాకు ముట్టుకుంటే తెలుస్తుంది.”

“పన్ను కూడా ముట్టుకునే చెప్పావు నాయనా.”

మిషన్ల దగ్గర కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. తేల్చుడి ముఖం ఎర్రబడింది. నవ్వును భరించలేనివాడు నవ్వించే పనులు మానుకోవాలి, అతడు మానుకోలేదు.

ఆమె ముక్క ఆరేదాకా కనిపెట్టుకుని ఉండడానికి మేడమీదికి వెళ్లింది. నేను యజమాని గదిలోకి వెళ్లాను. కొద్ది క్షణాలలో కత్తి రొద వినిపించింది. నీలిగీత గీశారు కాబోలు అనుకున్నాను. అతని గుణం ఇంత తెలిసిన నాకు అనుమానం రావలసింది, రాలేదు.

ఆమె ముక్కతో కిందికి దిగి, ఇస్త్రీ చేసి, కాగితం మీద గుచ్చి, నీలిసుద్ద చేతపట్టుకుని తిరిగేసరికి బల్లమీద కోసిన కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. నేలమీద వేలెడు వెడల్పు పేలికలు గుట్టలుగా పడి ఉన్నాయి. నీలిగీతల కోసం ఆమె వదిలిన జాగా అది. తేల్చుడు చీటీ మీద సమయం వేసుకుంటున్నాడు.

“ఏం చేశావు?”

“పని. ఇంతసేపూ నువ్వు చేయనిది.”

“నాలుగు వేళ్లు, మరిదిగారూ,” అందామె. అబ్బాయ్ అనడం మానేసి గారూ అన్నదంటే ఆమెకు ఎంత కోపం వచ్చిందో తెలిసినవాళ్లకు తెలుసు. “మీటరుకి నాలుగు వేళ్లు దిగింది. వచ్చి చూడండి.”

అతడు గోడవైపు చూడలేదు. “ఇక్కడ కోట్లు కుడతాం. ఉతకం. ఉతికితే కదా దిగేది?”

ఆసుపత్రి కోటును ఉతకరనుకున్న మహానుభావుడు! రోజూ మరిగే నీళ్లలో వేస్తారన్నది చిన్నపిల్లలు కూడా ఊహించగలరు. ఆమె కోపం దిగమింగుకుని పది నిమిషాలు ఆ కట్టల ముందు నిలబడింది. తరువాత అన్న మాటలు నేను స్వయంగా విన్నాను.

“ఇప్పుడైనా మించిపోలేదు. పెద్ద సైజుకి కోసింది ఉతికాక మధ్య సైజవుతుంది. మధ్యది చిన్నదవుతుంది. ఆ లేబుళ్లు అలా మార్చి కుట్టిద్దాం. ఒక్క పెద్ద సైజుకే మళ్లీ గుడ్డ కావాలి. యజమానితో నేను చెప్తా.”

“కోశాక కోశామంతే. లేబులు మార్చేదేంటి? అంటే నేను తప్పు కోశానని ఊరంతా చెప్పుకోడమా?”

“ఊరంతా ఎందుకు? ఉతికినవాళ్లే చెప్పుకుంటారు.”

ఆమె యజమాని దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమె మాట విని అవునన్నాడు, వెనకే వచ్చిన తేల్చుడి మాట విని అదీ అవునన్నాడు. గడువు దగ్గర పడుతోంది కనుక ఆఖరున విన్న అవును నెగ్గింది. కోట్లు తెల్లగీత కొలతకే కుట్టి పంపారు.

మూడో వారంలో ఆసుపత్రి హెడ్‌నర్సు వచ్చింది. మాటలతో పని లేకుండా కోటు తొడుక్కునే వచ్చింది. చేతులు మణికట్టు దాటి పైకెక్కాయి. బొత్తాలకూ కాజాలకూ మధ్య అరచేయి దూరం.

“ఇది పెద్ద సైజని రాశారు,” అంది లేబులు తిప్పి చూపిస్తూ. “ఎవరికి పెద్ద? మా డాక్టరుగారు చేతులెత్తితే కోటు నడుముకి వస్తోంది. పేషెంటు నవ్వి కుట్లు తెంపుకున్నాడు.”

యజమాని చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. సాయంత్రానికి సంజాయిషీ ఉత్తరం కావాలనీ, తప్పు ఎవరిదో, వారిమీద ఏ చర్య తీసుకున్నారో అందులో రాయాలనీ చెప్పి ఆమె వెళ్లిపోయింది.

నన్ను కిందికి పిలిపించారు. యజమాని గదిలో కాగితం, కలం సిద్ధంగా ఉన్నాయి. ఆయన బల్ల వెనక, పక్కనే తేల్చుడు, గుమ్మం దగ్గర అతని వదిన. మిషన్ల చప్పుడు ఆగిపోయింది. తలుపు అవతల అందరూ వింటున్నారని ఆ నిశ్శబ్దమే చెబుతోంది.

“రాయండి పంతులుగారూ,” అన్నాడు తేల్చుడు, యజమాని నోరు తెరవకముందే. “గీత తప్పు. గీత గీసినావిణ్ని తీసేశాం. అంతే. నేను గీత మీదే కోశాను. గీత ఎవరిది? ఆవిడది. మా వదినైనా సరే, నాకు మొహమాటం లేదు. తేల్చేశాను.”

ఆ వాదాన్ని కాస్త పరిశీలించండి. అందులో అబద్ధం లేదు. గీత ఆమెదే, కోత గీత మీదే పడింది. ఒక్క అసత్యం లేకుండా ఇంత అన్యాయం పలకడం సామాన్యుల వల్ల కాదు. నా చేతిలోని కలం ఆగిపోయింది. నేను రాయబోయే వాక్యంతో పద్దెనిమిదేళ్ల ఆ చోటు, కిటికీ పక్క పీట, గోడ మేకులు ఆమెకు కాకుండా పోతాయి. ఈ వయసులో ఇంకో కార్ఖానావాళ్లు ఆమెను తీసుకోరు, అందులోనూ ‘గీత తప్పు’ అన్న ముద్రతో.

యజమాని నసిగాడు. “ఏమ్మా, నువ్వేమంటావు? నీలిగీత ఎందుకు గీయలేదు?”

ఆమె కంగారుపడలేదు. “పంతులుగారూ, రాసేముందు ఒక్క నిమిషం,” అని బయటికి వెళ్లి, గోడకున్న కాగితాన్ని తడిముక్కతో సహా తీసుకొచ్చి బల్లమీద పరిచింది. ముక్క చుట్టూ పెన్సిలు గీత దూరంగా, ఖాళీ ఇంటికి ప్రహరీలాగా కనిపిస్తోంది. కింద ఆమె చేతిరాత: నీళ్లలో వేసినది ఏడున్నర, తీగ మీదినుంచి తీసినది పది యాభై ఐదు.

“ఆ రోజు కోతచీటీ ఇప్పించండి,” అంది యజమానితో.

చీటీ వచ్చింది. తేల్చుడి గుండ్రటి అక్షరాలు, కింద గర్వంగా రెండు గీతలు. కత్తి దించినది పది పది. ఎత్తినది పది యాభై.

యజమాని ఆ కాగితం, ఈ కాగితం మార్చి మార్చి చూశాడు. ఆయనకు కూడా కూడిక వచ్చు.

“అబ్బాయ్,” అందామె. గొంతు మెత్తబడింది. నాకు అది కోపంకంటే భయంకరంగా తోచింది. “ఒక్కటే అడుగుతా. నీలిగీత లేదని చూశావా, చూడలేదా? చూసి కోశావంటే అది నీ తప్పు. చూడకుండా కోశావంటే అదీ చెప్పు. రెంట్లో ఏదో ఒకటే. నువ్వే తేల్చు.”

తేల్చుడు యజమాని వైపు, నావైపు, కాగితం వైపు చూశాడు. చెప్పుల దుకాణంలోనూ, బస్టాపులోనూ, దంతవైద్యుడి కుర్చీలోనూ, పెళ్లిచూపుల్లోనూ ఒక్క క్షణం తడబడని మనిషి, తన జీవితంలో మొదటిసారిగా, నుదురు చేత్తో తుడుచుకుని ఇలా అన్నాడు:

“కాస్త టైమివ్వండి. ఆలోచించి చెప్తాను.”

తలుపు అవతల ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. యజమాని నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు; పరుల విషయంలో ఒక్క క్షణం ఆలోచించని మనిషి తన విషయం వచ్చేసరికి ఎంత నిదానపరుడు కాగలడో అప్పుడు చూశాను. అతనికి ఆలోచన చేతకాక కాదు. ఇంతకాలమూ అది తనకు అవసరం లేదనుకున్నాడు, అంతే.

ఉత్తరం ఆ సాయంత్రం వేరే విధంగా వెళ్లింది. తప్పు కోతదనీ, కోట్లు మార్చి ఇస్తామనీ నేను రాశాను, యజమాని సంతకం పెట్టాడు. అప్పుడు ఆయన తన అలవాటు ప్రకారం రెండో వైపు ఊగాడు.

“అమ్మా, ఇక ఏం చేద్దామంటావో నువ్వే చెప్పు. ఇతన్ని ఉంచనా, పంపెయ్యనా? ఇప్పుడే చెప్పు.”

“ఇప్పుడే చెప్పను,” అందామె. “రేపు సాయంత్రం చెప్తా.”

మరునాడు పొద్దుటినుంచి ఆమె వెనక్కి వచ్చిన కోట్లను బల్లమీద ఒక్కొక్కటిగా పరిచి కొలిచింది. ఏది ఏ సైజుకు దిగిందో విడదీసి, మధ్యవి, చిన్నవి, ఎవరికీ పట్టనివి అని మూడు గుట్టలు పెట్టింది. మధ్యాహ్నం టీ కూడా ఆ గుట్టల మధ్య నిలబడే తాగింది. మరిది అటూ ఇటూ తిరుగుతున్నా పలకరించలేదు. సాయంత్రం యజమాని గదికి వచ్చింది. నేను కూడా ఉండాలన్నది ఆమె కోరిక.

“మధ్యవీ చిన్నవీ లేబులు మారిస్తే సరిపోతాయి. పెద్దవాటికే మళ్లీ కొయ్యాలి. ఆ కోత కూడా మా మరిదే కొయ్యాలి. చెయ్యి మంచిదే, అది కాదనను. కానీ కత్తి ప్లగ్గు ఊడొచ్చేదే, అది నా దగ్గరుంటుంది. నీలిగీత గీశాక నేనిస్తా, అప్పుడు పెట్టుకుంటాడు. ఇది ఇవాల్టికి కాదు. నేనున్నన్నాళ్లూ.”

“అతను ఒప్పుకుంటాడంటావా?” అన్నాడు యజమాని.

“ఒప్పుకోకపోతే నేను వెళ్తా. ఇంటికెళ్లి అడిగి రావాల్సిందేం లేదు, మళ్లీ మారుస్తాననుకోకండి.”

నేను ఆనాడు కుర్చీ వేసి తేల్చుడికి చెప్పబోయి చెప్పలేకపోయిన వాక్యం అదే. పూర్తి క్రియతో సహా నా కళ్లముందు నిలబడింది. ఒక పగలూ ఒక రాత్రీ తూచి, పలికాక వెంట్రుకవాసి కదలని ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ విశేషణం ఇంతకాలమూ తప్పు మనిషి పేరు పక్కన వేలాడుతోందని అప్పుడు నాకు పూర్తిగా బోధపడింది.

ప్లగ్గు ఆమె ముందుగుడ్డ జేబులోకి చేరింది. తేల్చుడు ఉద్యోగం మానలేదు. వారం తిరక్కుండా మెట్ల దగ్గర నాతో అన్నాడు, “ప్లగ్గు వదిన దగ్గరుంటేనే మంచిదని నేనే తేల్చేశాను పంతులుగారూ.” పక్కన నిలబడ్డ అతని భార్య ఆకాశంలోకి చూసింది. ఫ్రేము మాత్రం వాళ్లింట్లో అలాగే ఉంది. దాని కిందే కూర్చుని అతను భోజనం చేస్తాడు, ఎదురుగా వదిన కూర్చుంటుంది.

నెల తరువాత యజమాని మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. ఈసారి ఆమెకు సర్టిఫికెట్ ఇవ్వాలట. ఏ మాట రాయాలో నాకు తెలుసు; అదే మాట, మరో మాట లేదు. కాని ముందుజాగ్రత్తగా కిందికి దిగి ఆమెనే అడిగాను. నీలిసుద్ద వేళ్లకు అంటుకుని ఉంది.

“ఆ మాటా? ఇప్పటికే ఒకరు వాడేసిన మాట కదండీ,” అందామె. “నాకు కాగితం వద్దు. రెండు కొత్త తొట్లు కొనమనండి. ఉన్నది చిల్లుపడింది.”

తొట్లు వచ్చాయి. నా కిటికీకి ఎదురుగానే, మేడమీద ఉంటాయి. కొత్త తాను వచ్చిన రోజున తీగమీద తడిముక్క వేలాడుతూ, కింది తొట్టిలోకి చుక్క చుక్కగా నీళ్లు కారుతూ ఉంటాయి. పుస్తకం తెరిచి కూర్చున్నా నా చూపు దానిమీదికే పోతుంది. కింద కత్తి చప్పుడు ఉండదు. కాసేపటికి మెట్ల మలుపులోనుంచి ఒక గొంతు వినిపిస్తుంది.

“వదినా, ఆరిందా?”

“లేదు.”

కొంత వ్యవధి తరువాత మళ్లీ, ఈసారి మరింత మెల్లగా.

“ఇప్పుడు?”